నిమిషం లెక్క పోయి నెల అద్దె వచ్చింది: ఫోన్ కాల్‌కు మనం నిజంగా ఎంత కడుతున్నాం?

చంద్రపూర్ జిల్లాలోని తెలుగు ఇళ్లలో ఫోన్ అంటే సరిహద్దు దాటే మాట. బల్లార్‌పూర్ పేపర్ మిల్లు కోసం, ఘుగుస్, రాజురా బొగ్గు గనుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు తల్లిదండ్రులో, ఆడపడుచులో, వియ్యంకులో కాగజ్‌నగర్, మంచిర్యాల, కరీంనగర్ వైపు ఉంటారు. ఇక రాజురా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1956 వరకు ఆ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల గీత మారింది కానీ చుట్టరికాలు మారలేదు. ఆ చుట్టరికాలను నిలబెట్టేవి రెండు. ఒకటి కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, రెండోది ఫోన్.

ఇప్పుడు ఆ ఫోన్ మాట్లాడటం 'ఫ్రీ' అంటున్నారు. వాట్సాప్ కాల్ ఫ్రీ. మామూలు కాల్ అన్‌లిమిటెడ్. రోమింగ్ ఫ్రీ. అయినా ఇంట్లో నాలుగు ఫోన్లుంటే రీఛార్జ్ ఖర్చు కరెంటు బిల్లుతో పోటీ పడుతోంది. కాల్ ఫ్రీ అయితే ఈ డబ్బు దేనికి కడుతున్నట్టు? సమాధానం తెలియాలంటే కాల్ ధరను ఎలా లెక్కకడతారో చూడాలి.

దూరం లెక్క, నిమిషం లెక్క

ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు తిరిగే మీటర్ ముందు నిలబడ్డ తరానికి పాత లెక్క బాగా గుర్తుంటుంది. దూరం పెరిగితే రేటు పెరిగేది. పగలు ఒక రేటు, రాత్రి ఒక రేటు. పొద్దుపోయాక రేటు తగ్గేదాకా ఆగి బూత్ ముందు వరుస కట్టేవాళ్లం. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ 'వన్ ఇండియా' ప్లాన్ తెచ్చి దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి అన్నాయి. దూరం లెక్కకు అక్కడితో కాలం చెల్లినట్టయింది. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా అనడంతో నిమిషం కూడా ముక్కలైంది.

సరిహద్దు బాధ మాత్రం మరికొన్నాళ్లు ఉంది. టెలికాం పటంలో చంద్రపూర్ మహారాష్ట్ర సర్కిల్‌లో ఉంది. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఉన్నాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చినా ఆ సర్కిల్ విడిపోలేదు. పెళ్లికని సరిహద్దు దాటితే వచ్చిన కాల్ ఎత్తడానికీ డబ్బు పోయేది. 2015 మే 1 నుంచి రోమింగ్‌లో ఇన్‌కమింగ్ గరిష్ఠ రేటును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 75 పైసల నుంచి 45 పైసలకు తగ్గించింది. తర్వాత పోటీ పెరిగి ఆ ఛార్జీ ప్లాన్లలోనే కలిసిపోయింది.

వీటన్నిటి వెనక మన కంటికి కనిపించని లెక్క ఒకటి ఉండేది. అది టెర్మినేషన్ ఛార్జీ. ఒక కంపెనీ నంబర్ నుంచి ఇంకో కంపెనీ నంబర్‌కు కాల్ వెళ్తే, కాల్ అందుకున్న కంపెనీకి మొదటి కంపెనీ నిమిషానికి ఇంత అని కట్టాలి. మొబైల్ కాల్స్‌కు ఇది ఒకప్పుడు 20 పైసలు. 2015 మార్చిలో 14 పైసలైంది. 2017 అక్టోబర్ 1న 6 పైసలైంది. 2021 జనవరి 1 నుంచి సున్నా. 2019 అక్టోబర్‌లో జియో, ఇతర నెట్‌వర్క్‌లకు చేసే కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు వసూలు చేయడం మొదలుపెట్టింది ఈ ఛార్జీ పేరుతోనే.

అంటే ఐదేళ్లుగా దేశంలో ఒక కంపెనీ ఇంకో కంపెనీకి నిమిషానికి కట్టేది ఏమీ లేదు. పైగా 4జీ ఫోన్లలో మామూలు కాల్ కూడా ఇప్పుడు డేటా రూపంలోనే వెళ్తోంది. సాంకేతికంగా చూస్తే వాట్సాప్ కాల్‌కూ, 4జీలో నంబర్ నొక్కి చేసే కాల్‌కూ పాత రోజుల్లో ఉన్నంత తేడా లేదు.

వాట్సాప్ కాల్ నిమిషానికి ఎంత?

ఈ లెక్కను ఎవరైనా వేసుకోవచ్చు. ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతును చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. సాధారణంగా సెకనుకు 50 పొట్లాలు. గొంతు కోసం సెకనుకు 24 కిలోబిట్లు పడుతుందనుకుందాం. ప్రతి పొట్లం మీద అడ్రస్ రాసినట్టు 40 బైట్ల చిరునామా సమాచారం ఉంటుంది. 50 పొట్లాలకు అదొక 16 కిలోబిట్లు. మొత్తం 40 కిలోబిట్లు. నిమిషానికి లెక్కిస్తే 300 కిలోబైట్లు. మనం మాట్లాడేది వెళ్లాలి, అవతలివాళ్లు మాట్లాడేది రావాలి. కాబట్టి రెండింతలు. నిమిషానికి 600 కిలోబైట్లు, అంటే 0.6 ఎంబీ.

2024 జూలై పెంపు తర్వాత జియోలో 1 జీబీ అదనపు డేటా ప్యాక్ ధర 19 రూపాయలు. ఒక ఎంబీ రెండు పైసలకు కొంచెం తక్కువ. ఆ లెక్కన వాట్సాప్ ఆడియో కాల్ నిమిషానికి సుమారు ఒక పైసా. గంట మాట్లాడితే 36 ఎంబీ, 70 పైసల లోపు. వీడియో కాల్ అయితే దీనికి ఎనిమిది, తొమ్మిది రెట్లు కావచ్చు. సిగ్నల్ బాగుంటే బొమ్మ స్పష్టత పెరిగి డేటా ఇంకా ఎక్కువ లాగుతుంది. అయినా గంటకు ఆరేడు రూపాయల మాట.

అదే 2014 డిసెంబర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఇంటర్నెట్ కాల్స్‌ను మామూలు డేటా ప్యాక్‌లోంచి తీసేసి విడిగా వసూలు చేస్తామని ఎయిర్‌టెల్ ప్రకటించింది. 3జీలో 10 కిలోబైట్లకు 4 పైసలన్నది. పై లెక్కలో పెడితే నిమిషానికి 2 రూపాయల 40 పైసలు. జనం మండిపడటంతో కొద్ది రోజుల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. ఆ గొడవే నెట్ న్యూట్రాలిటీ చర్చను ఇంటింటికీ తెచ్చింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఏ వెబ్‌సైట్ లేదా యాప్ చూస్తున్నామన్న దాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధర పెట్టకూడదని నిబంధన తెచ్చింది. ఈరోజు వాట్సాప్ కాల్ నిమిషానికి పైసా దగ్గర నిలిచిందంటే డేటా చవక కావడంతో పాటు ఆ నిబంధన కూడా కారణం.

మరి డబ్బు దేనికి పోతోంది?

రోజుకు 1.5 జీబీ, 28 రోజుల జియో ప్లాన్ 2024 జూలైలో 239 నుంచి 299 రూపాయలకు పెరిగింది. ఇందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది, అంటే సుమారు 45 రూపాయలు పన్ను. రోజుకు గంట వాట్సాప్‌లో మాట్లాడినా వాడేది 36 ఎంబీ. రోజువారీ కోటాలో రెండున్నర శాతం కూడా కాదు.

అసలు విషయం బయటపడింది 2025 జనవరిలో. అంతకు ముందు 2024 డిసెంబర్ 23న ట్రాయ్ ఒక సవరణ తెచ్చింది. డేటా అక్కర్లేని వాళ్ల కోసం కేవలం కాల్స్, ఎస్సెమ్మెస్‌లతో ప్రత్యేక ప్యాక్‌లు కచ్చితంగా పెట్టాలన్నది దాని సారాంశం. గడువు 365 రోజుల వరకు ఇవ్వవచ్చన్నది. బటన్ ఫోన్ వాడే పెద్దలకు, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు, రెండో సిమ్ పెట్టుకున్నవాళ్లకు మేలు జరుగుతుందని అందరూ అనుకున్నారు.

కంపెనీలు ఏం చేశాయో చూడండి. 84 రోజులకు 6 జీబీ డేటాతో జియోలో 479 రూపాయల ప్లాన్ ఉండేది. డేటా తీసేసి 458కి పెట్టారు. ఎయిర్‌టెల్‌లో 6 జీబీతో 509 ఉండేది. డేటా తీసేసి 499 చేశారు. విమర్శలొచ్చాక జియో 448కి, ఎయిర్‌టెల్ 469కి దిగాయి.

ఈ అంకెల్లోనే మన ప్రశ్నకు జవాబుంది. 1 జీబీ డేటా కొనబోతే జియోలో 19, ఎయిర్‌టెల్‌లో 22 రూపాయలు. అదే 6 జీబీ డేటా వద్దని తిరిగి ఇచ్చేస్తే మొదట తగ్గించింది ఒకచోట 21, ఇంకోచోట 10 రూపాయలు. కొనేటప్పుడు ఒక తూకం, వదులుకునేటప్పుడు ఇంకో తూకం. అంటే ప్లాన్ ధరలో డేటా విలువ చాలా తక్కువ, కాల్స్‌కు కంపెనీ ఇతర కంపెనీలకు కట్టేది సున్నా. మనం కడుతున్నదాంట్లో పెద్ద వాటా నంబర్ బతికి ఉండటానికి కట్టే అద్దె.

తక్కువ మాట్లాడేవాళ్లకే ఎక్కువ ధర

అద్దె లెక్కలో ఒక అన్యాయం దాగి ఉంది. ఘుగుస్‌లో ఉండే ఒక గని కార్మికుడి తల్లిని ఊహించుకోండి. బటన్ ఫోన్. 84 రోజులకు 448 రూపాయల ప్యాక్. రోజుకు 5 రూపాయల 33 పైసలు. ఆమె రోజుకు గంట మాట్లాడితే నిమిషానికి 9 పైసలు పడినట్టు. పది నిమిషాలు మాట్లాడితే 53 పైసలు. 2009 నాటి సెకనుకు పైసా అంటే నిమిషానికి 60 పైసలు. అంటే పదహారేళ్ల కిందటి ధరకు దాదాపు దగ్గరకు వచ్చేశాం. రోజుకు రెండు నిమిషాలే మాట్లాడితే నిమిషానికి 2 రూపాయల 66 పైసలు.

ఈ పదహారేళ్లలో బియ్యం, పప్పు, బస్సు టికెట్ అన్నీ పెరిగాయి కదా అనవచ్చు. నిజమే. కానీ అప్పట్లో ఆ తల్లి మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునేది. కొడుకు తిరిగి చేసేవాడు. ఇన్‌కమింగ్‌కు ఖర్చు లేదు. 2006లో 999 రూపాయలకు 'లైఫ్‌టైమ్' సిమ్‌లు అమ్మిన కాలం అది. ఇప్పుడు ఒక్క కాల్ కూడా చేయకుండా, కేవలం కొడుకు ఫోన్ కోసం ఎదురుచూసే తల్లి కూడా ఏడాదికి సుమారు 1,950 రూపాయలు కట్టాలి. గడువు దాటితే ఇన్‌కమింగ్ ఆగిపోతుంది. మిస్డ్ కాల్ పేదవాడి టెలిగ్రాం. దాని ధర ఇప్పుడు రెండు వేలు.

28 రోజుల గడువు సంగతి కూడా అంతే. నెలకొకసారి అనుకుంటాం కానీ ఏడాదికి పదమూడు రీఛార్జ్‌లు పడతాయి. 2022 జనవరిలో ట్రాయ్, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీన రీఛార్జ్ చేసుకునే ప్లాన్ ఒకటి పెట్టాలని ఆదేశించింది. అవి ఉన్నాయి. అడిగితేనే కౌంటర్లో చెబుతారు.

దుబాయ్ నుంచి వచ్చే కాల్

కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు మన బంధువర్గంలో తక్కువేమీ కాదు. అక్కడి నుంచి వచ్చే కాల్ లెక్క వేరు.

యాప్ నుంచి యాప్‌కు చేసే కాల్ మొత్తం ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. దానికి డేటా ధర తప్ప వేరే ధర లేదు. యాప్ నుంచి మామూలు ఫోన్ నంబర్‌కు చేసే కాల్ మాత్రం చివర్లో మన దేశపు నెట్‌వర్క్‌లోకి దిగాలి. అక్కడ టెర్మినేషన్ ఛార్జీ ఉంది. దేశంలోపలి కాల్స్‌కు సున్నా అయినా, విదేశం నుంచి వచ్చే కాల్‌కు 2020 మే 1 నుంచి నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య కంపెనీలు పెట్టుకోవచ్చు. దాని మీద మధ్యలో కాల్ మోసే సంస్థల వాటా, యాప్ లాభం, పన్ను కలిస్తే మనవాడి ఖాతాలోంచి పోయే రేటు. చాలా సేవల్లో నిమిషాన్ని పైకి లెక్కిస్తారు. 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు. అందుకే 'నిమిషానికి ఇంతే' అన్న ప్రకటన కన్నా, సెకన్లలో లెక్కిస్తారా నిమిషాల్లోనా అన్నది ముఖ్యం. ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసిన స్కైప్ 2025 మే 5న మూతపడింది.

యూఏఈలో ఇంకో చిక్కుంది. అక్కడ వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. అనుమతి ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్ చేసుకోవాలి. 2018లో అక్కడి టెలికాం సంస్థలు ఇందుకోసం మొబైల్‌కు నెలకు 50 దిర్హామ్‌ల ప్యాక్ పెట్టాయి. మన డబ్బుల్లో వెయ్యి రూపాయలకు పైనే. సాంకేతికంగా నిమిషానికి పైసా పడే కాల్‌కు ప్రభుత్వ విధానం ఎంత ధర పెట్టగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మన దేశంలో 2014లో ఆగిపోయిన ఆలోచన అక్కడ అమలైంది.

పైసల తేడాలో పుట్టిన దొంగ వ్యాపారం

దేశంలోపల సున్నా, బయటి నుంచి వస్తే 35–65 పైసలు. ఈ తేడా మీద ఒక అక్రమ వ్యాపారమే నడుస్తోంది. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ ద్వారా రహస్యంగా దేశంలోకి తెచ్చి, డజన్ల కొద్దీ సిమ్‌లు పెట్టిన 'సిమ్ బాక్స్' ద్వారా లోకల్ కాల్‌గా మార్చి పంపుతారు. విదేశం నుంచి వస్తున్న కాల్‌లో మనకు పదంకెల దేశీ నంబర్ కనిపించడానికి ఇదొక కారణం. సిమ్‌కు అన్‌లిమిటెడ్ కాల్స్ ఉంటాయి కాబట్టి వాళ్లకు నిమిషం ఖర్చు లేదు.

డిజిటల్ అరెస్ట్ లాంటి మోసాలకు కూడా ఇలాంటి దొంగ దారులనే వాడుకుంటున్నారు. 2024 అక్టోబర్‌లో టెలికాం శాఖ, దేశీ నంబర్‌లా మారువేషం వేసుకుని వచ్చే విదేశీ కాల్స్‌ను ఆపే వ్యవస్థను ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్‌ను ఆపినట్టు ప్రకటించింది. మన పిల్లల పేరు మీద ఉన్న సిమ్‌ను 'నెలకు ఇంత ఇస్తాం' అని ఎవరైనా అడిగితే అది ఎక్కడికి పోతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పోలీసులు మొదట వెతికేది సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషినే.

కంపెనీల వాదనలో నిజమెంత?

టెలికాం కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. టవర్లు వేసేది వాళ్లు, స్పెక్ట్రమ్ కొనేది వాళ్లు. ఆదాయంలో 8 శాతం లైసెన్స్ ఫీజుగా ప్రభుత్వానికి కడతారు. అందులో 5 శాతం మారుమూల ప్రాంతాల సేవల నిధికి వెళ్తుంది. వాట్సాప్ అదే పని చేస్తూ ఏమీ కట్టదు. ఒకే రకమైన సేవకు ఒకే రకమైన నియమాలుండాలని వాళ్ల డిమాండ్. 2020 సెప్టెంబర్‌లో ట్రాయ్ ఈ యాప్‌ల విషయంలో జోక్యం అక్కర్లేదంది. 2023 జూలైలో మళ్లీ సంప్రదింపుల పత్రం తెచ్చింది. చర్చ ముగియలేదు.

కానీ డేటాకు మనం ఒకసారి డబ్బు కట్టే ఉన్నాం. ఆ డేటా మీద గొంతు పంపినా, పాట విన్నా నెట్‌వర్క్‌కు పడే భారం ఎంబీల్లోనే. కాల్ అనే పేరుతో రెండోసారి వసూలు చేస్తే అది చివరికి మన రీఛార్జ్‌లోనే తేలుతుంది.

ఈలోగా ఖర్చు మరో దారిలో రావచ్చు. మెసేజింగ్ యాప్‌లు ఫోన్‌లో ఉన్న యాక్టివ్ సిమ్‌తోనే పనిచేయాలని 2025 నవంబర్ 28న టెలికాం శాఖ ఆదేశించింది. అమలుకు 90 రోజుల గడువిచ్చింది. మోసాలను అరికట్టడం దీని ఉద్దేశం. మంచిదే. కానీ ఊరి నంబర్ మీద వాట్సాప్ నడుపుతూ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఆ సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచుకోవాలి, బతికించుకోవాలి. ఉచిత కాల్‌కు కూడా అద్దె తప్పదన్నమాట.

మనం చేయగలిగింది

ఇంట్లో ఉన్న ప్రతి నంబర్‌కూ ఒక ప్రశ్న వేసుకోవాలి: దీనికి కాల్స్ కావాలా, డేటా కావాలా, బ్యాంకు ఓటీపీ కోసం బతికి ఉంటే చాలా? బటన్ ఫోన్‌కు డేటా ప్లాన్ వేయించడం దండగ. కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్‌ను పేరు పెట్టి అడగాలి. ప్యాక్ ధరను రోజులతో భాగించి పోల్చుకోవాలి, నెలతో కాదు.

వాడని ప్రీపెయిడ్ సిమ్ గురించి 2013 నాటి ట్రాయ్ నిబంధన ఒకటి ఉంది. 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే ఆ మొత్తం తీసుకుని నంబర్‌ను మరో 30 రోజులు ఉంచాలి. నంబర్ మన పేరు మీద ఉంటుందనే దీని అర్థం. ఇన్‌కమింగ్, ఓటీపీలు వస్తాయని కాదు. బ్యాంకుకు ఇచ్చిన నంబర్ విషయంలో దీని మీద ఆధారపడకూడదు.

బ్యాలెన్స్ అన్యాయంగా కోసుకుంటే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. పని జరగకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. తెలుగు తప్ప వేరే భాష చదవలేని మన పెద్దలకు రీఛార్జ్ మెసేజ్ చదివి చెప్పే పని ఇంట్లో చదువుకున్న పిల్లలు తీసుకోవాలి.

అడగాల్సిన పెద్ద మాట ఇంకొకటి ఉంది. కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్ పెట్టమన్న ట్రాయ్, దాని ధర గురించి ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీలోంచే పది రూపాయల తగ్గింపు పుట్టింది. కాల్ అందుకోవడానికి మాత్రమే ఫోన్ పెట్టుకున్న మనిషికి ఏడాదికి కొద్ది వందల్లో ఒక ఇన్‌కమింగ్ ప్యాక్ ఉండాలి. కంపెనీల మధ్య టెర్మినేషన్ ఛార్జీ సున్నా అయినప్పుడు ఆ లాభం రోజుకు గంట మాట్లాడేవాడికే కాక, ఫోన్ మోగితే చాలనుకునే తల్లికి కూడా అందాలి. ట్రాయ్ సంప్రదింపులకు పిలిచినప్పుడల్లా కంపెనీలు పేజీల కొద్దీ రాస్తాయి. 2015లో జనం లక్షల ఈమెయిళ్లు పంపితేనే నెట్ న్యూట్రాలిటీ నిలిచింది. ఈసారి బటన్ ఫోన్ తరఫున రాయాల్సింది మనమే.